ఆరు బెజ్జాల విచారణ

పెదమడుగులంక ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల గదికి ఇనప తలుపు ఉంది. ఉందని రికార్డులు చెబుతాయి. చౌకట్టును అడిగితే మాత్రం అంత ధీమాగా చెప్పదు. ఆ తలుపుకు మూడు మడతబందులు. ఒక్కో బందుకు ఆరు స్క్రూలు, మూడు తలుపువైపు, మూడు చౌకట్టువైపు. ఒక సోమవారం ఉదయం ఫార్మసిస్టు వీరవేణి తాళం తీస్తుండగా, పై బందును చౌకట్టుకు పట్టి ఉంచాల్సిన మూడు స్క్రూలూ ఊడి ఆమె కాళ్ల దగ్గర పడ్డాయి.

వీరవేణికి నలభై రెండేళ్లు. పదకొండేళ్లుగా ఆ గది తాళంచెవి ఆమె కొంగునే ఉంది. ఏ అరలో ఏ మందుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆ తలుపు పోయిన వానాకాలం నుంచే ఒక పక్కకు వాలుతోంది. కింది మూల గచ్చును గీరుతుంటే ఆమె కుడి మోకాలు ఆనించి తలుపును కొంచెం పైకెత్తి తెరిచేది. అలా ఎత్తీ ఎత్తీ మోకాలు వాచింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, "మెట్లు ఎక్కువ ఎక్కుతారా అమ్మా?" అని అడిగాడు.

"లేదండీ. తలుపు మోస్తాను" అంది వీరవేణి.

ఆయన మందు రాశాడు. ఆ మందు కోసం ఆమె మళ్లీ ఆ తలుపే ఎత్తాల్సి వచ్చింది.

ఆసుపత్రి గేటుకు ఎదురుగా దావీదు గ్రిల్ వర్క్స్ ఉంది. వీరవేణి పిలిస్తే దావీదు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక బెజ్జంలో చిటికెనవేలి గోరు పెట్టి తిప్పి చూశాడు.

"బెజ్జంలో స్క్రూ పట్టే మర అరిగిపోయిందండి మేడం గారూ. ఈ చౌకట్టు రేకు పల్చనండి. రెండు చుట్లు కూడా మర పట్టదు. తలుపేమో బరువాయె. లాగీ లాగీ బెజ్జం లోపలంతా నున్నగా అయిపోయింది. ఇప్పుడు స్క్రూ ఎన్నిసార్లు తిప్పినా ఊరికే తిరుగుద్ది గానీ పట్టుకోదండి."

"మరి ఏం చెయ్యాలి?"

"పెద్ద పనేం కాదండి. రేకు ఎనకాల గట్టి ఇనప పట్టీ ఒకటి దూర్చి, బెజ్జం ఒక నంబరు పెద్దది చేసి, ఆ పట్టీకి కొత్త మర కోసి, కాస్త లావు స్క్రూలు ఎక్కిత్తే సరి. పావుగంట. నాకేం ఇవ్వక్కర్లేదు. మా పాప పుట్టింది ఇక్కడేనండి."

"అయితే ఇప్పుడే చేసెయ్యండి."

దావీదు గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మో! గవర్నమెంటు తలుపండి. నేను డ్రిల్లు మిషను పెట్టి బెజ్జం కొడతంటే ఎవడో ఫోటో తీత్తాడు. రేప్పొద్దున నన్ను దొంగంటారు. పెద్ద డాక్టరు గారి చేత కాగితం ముక్కొకటి రాయించండి, క్షణంలో వచ్చేత్తాను."

ఆ కాగితం ముక్క కోసం వీరవేణి వాచిన మోకాలితో మేడ మెట్లెక్కింది.

పెద్ద డాక్టరు కామేశ్వరం గారు మంచి వైద్యుడు. ఆయన చెయ్యి పడితే జ్వరం సగం దిగుతుందని లంకల్లో చెప్పుకుంటారు. కాకపోతే సూపరింటెండెంటు అయినప్పటినుంచి ఆయన చెయ్యి రోగుల మీద కంటే ఫైళ్ల మీద ఎక్కువగా పడుతోంది. ఆ ఏడాది వైద్యశాఖ 'లోపరహిత ఆసుపత్రి' అనే ఉద్యమం మొదలుపెట్టింది. దాని పద్ధతి చాలా సులువు. తమ ఆసుపత్రిలో ఏ లోపమూ లేదని ఆసుపత్రివాళ్లే రాసి ఇవ్వాలి. తర్వాత పైనుంచి తనిఖీ బృందం వచ్చి, అలా రాసి ఇచ్చారో లేదో పరిశీలిస్తుంది. రాసి ఇచ్చినట్టు తేలితే ధ్రువపత్రం, గేటు దగ్గర శిలాఫలకం. కామేశ్వరం గారు అంతకు నాలుగు రోజుల ముందే రాసి ఇచ్చారు.

వీరవేణి చెప్పిందంతా విని ఆయన కళ్లద్దాలు తీశారు.

"తలుపులో లోపం ఉందంటే ఎలాగమ్మా? మనం లోపరహితం కదా."

"స్క్రూలు నిలబడటం లేదండీ."

"స్క్రూలు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయండీ."

"అంటే భద్రంగానే ఉన్నాయి."

"స్క్రూలు భద్రంగానే ఉన్నాయి సార్. తలుపే లేదు. లోపల పాము మందు, కుక్క మందు, పురుళ్ల ఇంజెక్షన్లు ఉన్నాయి. ఏ రోజో తలుపు నా మీద పడుతుంది, లేకపోతే బిగుసుకుపోయి రానే రాదు."

కామేశ్వరం గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. మనసున్న మనిషి. చివరికి ఒక మార్గం కనిపెట్టారు. మరమ్మతు అంటే లోపం ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి ఉత్తరంలో ఆ మాట రాకూడదన్నారు. గంటసేపు ఆలోచించి ఆయనే స్వయంగా రాశారు: 'మందుల గది ద్వారము ఇప్పటికే సంపూర్ణ సౌష్ఠవముతో అలరారుచున్నప్పటికీ, సదరు సౌష్ఠవమును మరింత పెంపొందించు నిమిత్తము తగు సాంకేతిక సలహా కోరడమైనది.'

అలరారుతున్న తలుపును చూడటానికి ఇంజనీరింగ్ విభాగం నుంచి ఏఈ త్రినాథరావు ఇరవై మూడు రోజుల తర్వాత వచ్చాడు. ఈలోపు రెండో బందు స్క్రూలు కూడా ఊడాయి. ఇప్పుడు తలుపు కింది బందు ఒక్కదాని మీదే ఆధారపడి, తాగినవాడు స్తంభాన్ని పట్టుకున్నట్టు చౌకట్టును పట్టుకుని ఉంది. చౌకట్టుకు ఆరు ఖాళీ బెజ్జాలు కనిపిస్తున్నాయి.

త్రినాథరావు ముప్పై ఏళ్ల కుర్ర ఇంజనీరు. తెలివైనవాడు. బెజ్జాల్ని చూడగానే దావీదు చెప్పిన పద్ధతే సరైనదని అతనికి అర్థమైంది. ఆ మాట పైకి కూడా అన్నాడు. అన్న తర్వాత ఆస్తుల రిజిస్టరు తెరిచాడు.

"ఇనప తలుపు ఒకటి. మడతబందులు మూడు. స్క్రూలు పద్దెనిమిది. ఇంతవరకూ సరే. మేడం, రంధ్రాల ఎంట్రీ ఎక్కడ?"

"రంధ్రాలకు ఎంట్రీ ఏంటండీ?" అంది వీరవేణి.

"రిజిస్టర్లో లేనిదాన్ని బాగుచెయ్యడానికి నేను ఎస్టిమేట్ వెయ్యలేను. రంధ్రాలు సప్లై అయినట్టు ఎక్కడా లేదు. తలుపు పెట్టిన కాంట్రాక్టరు కూడా చూపించలేదు. అంటే ఇవి అనధికార రంధ్రాలు అవుతాయి."

దావీదు ఉండబట్టలేకపోయాడు. "బెజ్జం లేకుండా స్క్రూ ఎలాగ దిగుద్దండి బాబూ?"

"దిగిందనే అంటున్నాను. ఏ అధికారంతో దిగిందనేదే ప్రశ్న. ఇంకోటి. నువ్వు బెజ్జం పెద్దది చేస్తానంటున్నావు. అంటే చౌకట్టులోంచి లోహాన్ని తొలగిస్తావు. అది ప్రభుత్వ లోహం."

"ఆవగింజంత పొడి రాలుద్దండి."

"ఆ పొడిని సేకరించి, పొట్లం కట్టి, సీలు వేసి అప్పగించాలి. ఎవరికి అప్పగించాలో రూల్స్‌లో లేదు. అందుకే ఇంతవరకూ ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ బెజ్జం పెద్దది చెయ్యలేదు" అన్నాడు త్రినాథరావు. అతని ముఖంలో కొంచెం సిగ్గు కూడా కనిపించింది. వెళ్లేటప్పుడు వీరవేణితో మెల్లగా, "మేడం, మా ఇంట్లో బాత్రూం తలుపుకీ ఇలాగే అయితే నేనే సాయంత్రం కూర్చుని చేసుకున్నాను. ఇది ఆఫీసు కదా, ఏం చెయ్యలేం" అని మోటారుసైకిలెక్కాడు.

అతని నివేదిక జిల్లాకు వెళ్లింది. 'అనధికార రంధ్రాలు' అన్న మాట చూసి జిల్లా ఉలిక్కిపడింది. వారం తిరక్కుండా 'రంధ్ర స్థితిగతుల నిర్ధారణ సంఘం' ఏర్పడింది. అధ్యక్షుడు చక్రధరం గారు.

చక్రధరం గారు శాఖలో నియమావళికి నడిచే నిఘంటువు. ఆయన ఏదీ మామూలుగా చెప్పరు. మంచినీళ్లు కావాలంటే, "తాగునీటి ఆవశ్యకత ఏర్పడినది" అంటారు. ఆయన ఇద్దరు గుమస్తాలతో, భూతద్దంతో, లక్క కడ్డీతో వచ్చారు. మందుల గది ముందు కుర్చీ వేయించుకుని ఒక్కో రంధ్రాన్నీ పది నిమిషాలు చూశారు. పొట్ట నొప్పితో, బిడ్డల జ్వరాలతో వచ్చినవాళ్లు మందుల చీటీలు పట్టుకుని ఆయన వెనక వరసలో నిలబడ్డారు. వాళ్లు కూడా సంఘం సభ్యులే అనుకుని గుమస్తా హాజరు వేయబోయాడు.

"రంధ్రం యొక్క స్వభావము శూన్యము" అన్నారు చక్రధరం గారు చివరికి. "శూన్యము అరిగిపోవుట శాస్త్రసమ్మతము కాదు. కావున రంధ్రములు అరిగిపోయినవను ఫార్మసిస్టు గారి ఆరోపణ నిరాధారము."

"ఆరోపణ కాదండీ, స్క్రూ పట్టడం లేదు" అంది వీరవేణి.

"అది స్క్రూ యొక్క వైఫల్యము కావచ్చును. కొలతలు చెప్పండి."

గుమస్తా కొలిచాడు. స్క్రూ లావును బట్టి, స్థాపన సమయంలో రంధ్రం నాలుగు మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆరు.

చక్రధరం గారి ముఖం వికసించింది. "యాభై శాతం వృద్ధి! ఒక్క రంధ్రమునందు కాదు, ఆరింటియందును. దీనిని లోపము అనుట దృక్పథ దోషము. వృద్ధి శీర్షిక కింద నమోదు చేయండి."

నమోదు చేశారు. తర్వాత, విచారణ పూర్తయ్యేవరకు రంధ్రాల స్థితి మారకూడదు కాబట్టి, ఆరింటి మీదా తెల్ల కాగితపు ముక్కలు అంటించి, లక్క కరిగించి సీళ్లు వేశారు. ఒక్కో సీలు కింద ముగ్గురి సంతకాలు. ఆ సీళ్లు పగలకుండా తలుపు తెరుచుకోవచ్చని, మూసుకోవచ్చని వీరవేణికి అనుమతి ఇచ్చారు.

"కింది బందు కూడా ఊడితే ఎలాగండీ?" అని ఆమె అడిగింది.

అది సహేతుకమైన ప్రశ్న అని చక్రధరం గారు ఒప్పుకున్నారు. స్క్రూలు కొనే అధికారం సంఘానికి లేదు. మనుషుల్ని నియమించే అధికారం ఉంది. కాబట్టి 'ద్వార ఊత సహాయకుడు' అనే కొత్త ఉద్యోగం మంజూరైంది. మరుసటి వారం గోవిందు అనే యువకుడు చేరాడు. ఇంటర్మీడియట్ పాసయ్యాడు, కొత్తగా పెళ్లయింది, బుజాలు గట్టివి. ఉదయం నుంచి సాయంత్రం వరకు ఆ తలుపుకు బుజం ఆనించి నిలబడటం అతని విధి. వీరవేణి లోపలికి వెళ్లాలంటే రెండు చేతులతో కింద పట్టుకుని తలుపును పసిబిడ్డలా ఎత్తేవాడు. ఆమె మోకాలు కొంచెం తగ్గింది. అతని నడుము పట్టేసింది.

"ఇంట్లో ఏం ఉద్యోగం అని చెప్పావు గోవిందూ?" అని ఒకసారి అడిగింది.

"సెక్యూరిటీ అని చెప్పానండి. తలుపు పట్టుకుంటానంటే మా ఆవిడ పుట్టింటికి ఎల్లిపోద్దండి" అన్నాడతను బుజం మార్చుకుంటూ.

దావీదు రోజూ షాపులోంచి చూసేవాడు. ఒకరోజు డ్రిల్లు మిషను గుడ్డ సంచిలో దాచుకుని వచ్చి, "గోవిందు పట్టుకుంటాడండి, నేను పది నిమిషాల్లో లాగించేత్తాను. ఆ కాగితాలు మళ్లీ అంటించేద్దాం" అన్నాడు. వీరవేణి లక్క సీళ్ల వైపు చూసింది. వాటి కింది సంతకాలు చూసింది. ఇంట్లో డిగ్రీ చదువుతున్న కూతురు గుర్తొచ్చింది. "వద్దులెండి" అంది. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా ఆమెకు అన్నం సయించలేదు.

తనిఖీ రోజు వచ్చింది. రంధ్ర సంఘం అధ్యక్షుడు చక్రధరం గారే లోపరహిత తనిఖీ బృందానికీ అధ్యక్షుడు. జిల్లాలో లోపాల గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆసుపత్రికి సున్నం వేశారు. మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచి, అవి నలుగుతాయని రోగులను వరండాలో కూర్చోబెట్టారు. అత్యవసర విభాగంలో మందులు బయట కనిపిస్తే చిందరవందరగా ఉంటుందని, అక్కడ అద్దాల పెట్టెలో ఉండే పాము విరుగుడు మందు సీసాలను కూడా ముందురోజే మందుల గదిలోని ఫ్రిజ్‌లోకి మార్పించారు. వీరవేణి అభ్యంతరం చెప్పింది. "ఒక్క రోజే కదమ్మా" అన్నారు కామేశ్వరం గారు.

ఉదయం పదకొండు గంటలకు గేటు దగ్గర వేసిన షామియానా గాలికి ఒక పక్కకు ఒరిగింది. ఊతపని తెలిసినవాడని గోవిందును పిలిచి గుంజకు ఆనించారు. వీరవేణి అప్పుడే తాళం వేసి, పూలగుచ్ఛం పట్టుకుని నిలబడమన్నారు కాబట్టి షామియానా దగ్గరకు వెళ్లింది. గోవిందు బుజం లేని తలుపు అయిదు నిమిషాలు ఓపిక పట్టింది. తర్వాత కింది బందు కూడా వదిలేసింది. తలుపు పూర్తిగా పడిపోలేదు. తాళం గడియ మీద వేలాడుతూ వంకర తిరిగి, పై మూల చౌకట్టులోకి, కింది మూల గచ్చులోకి దిగబడిపోయింది.

సరిగ్గా అప్పుడే మరిడమ్మను తీసుకొచ్చారు. వరిచేలో కలుపు తీస్తుంటే చేతి మీద నాగుపాము కరిచింది. ఆమె అన్న సత్తిరాజు మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక ఇంకొకరు పట్టుకోగా ఏడు మైళ్లు తెచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. అప్పటికే కనురెప్పలు వాలిపోతున్నాయి. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వస్తోంది.

నర్సు కేకతో వీరవేణి పూలగుచ్ఛం పారేసి పరుగెత్తింది. తాళం తిప్పింది. తాళం తిరిగింది. తలుపు రాలేదు. మోకాలు పెట్టి ఎత్తింది. గోవిందు గుంజ వదిలేసి వచ్చి బుజం వేశాడు. వెనకాల షామియానా కూలింది. తలుపు అంగుళం కదల్లేదు. కిటికీకి ఇనప ఊచలు ఉన్నాయి. ఊచల మధ్యనుంచి ఫ్రిజ్ కనిపిస్తోంది.

"దావీదు గారూ!" అని వీరవేణి గేటు దాటి వినపడేలా అరిచింది. "గునపం తెండి!"

దావీదు గునపంతో వచ్చేసరికి షామియానా గుడ్డలోంచి బయటపడ్డ చక్రధరం గారు కూడా వచ్చారు.

"ఆగండి. సదరు చౌకట్టుపై ఆరు సీళ్లు ఉన్నవి. విచారణ పెండింగులో ఉన్నది. పంచనామా జరపకుండా, పంచుల సంతకాలు లేకుండా బలప్రయోగము చేయరాదు."

"మా చెల్లెలు చచ్చిపోతందండి!" అన్నాడు సత్తిరాజు.

"సానుభూతి వ్యక్తము చేయుచున్నాను. పంచనామాకు అరగంట పట్టును."

దావీదు గునపం ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు. అతను వీరవేణి వైపు చూశాడు. వీరవేణి కామేశ్వరం గారి వైపు చూసింది. ఆయన మరిడమ్మ స్ట్రెచరు పక్కన నిలబడి ఆమె రెప్ప పైకెత్తి చూస్తున్నారు. చాలా నెలల తర్వాత ఆయన చెయ్యి ఒక రోగి మీద పడింది. నాడి చూశారు. మెడ ఎత్తమన్నారు. ఆమె ఎత్తలేకపోయింది.

"అరగంట లేదు" అన్నారాయన. "పగలగొట్టు దావీదూ. నేను చెబుతున్నా, పగలగొట్టు!"

దావీదు గునపం చౌకట్టు సందులో దింపి బలమంతా వేశాడు. లక్క ముక్కలు ముక్కలై రాలింది. సంతకాలు చిరిగాయి. రెండో దెబ్బకు రేకు చీలింది. మూడోదానికి తలుపు పెద్ద చప్పుడుతో లోపలికి పడింది. అది ఇంకా ఊగుతుండగానే వీరవేణి దాని మీదనుంచి నడిచి వెళ్లి ఫ్రిజ్ తెరిచి, పది సీసాలు కొంగులో వేసుకుని వచ్చింది.

సాయంత్రం నాలుగింటికి మరిడమ్మ కళ్లు తెరిచి నీళ్లడిగింది. సత్తిరాజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. దావీదు అతని పక్కన కూర్చుని బీడీ ఇచ్చాడు.

ఈలోపు తనిఖీ ఆగలేదు. చక్రధరం గారు ఫారం పట్టుకుని గది గదికీ తిరిగి, చివరికి మందుల గది ముందుకు వచ్చారు. ఫారంలో ఒక గడి ఉంది: 'తలుపులో లోపము: ఉన్నది / లేదు.' ఆయన ఖాళీ గుమ్మం వైపు చాలాసేపు చూశారు. నిజాయితీగల మనిషి, ఉన్నదాన్నే రాస్తారు. అక్కడ తలుపు లేదు. లేని తలుపులో లోపం ఉండే అవకాశం లేదు. 'లేదు' అనే మాట చుట్టూ సున్నా చుట్టి సంతకం చేశారు. జిల్లాలో మొదటి లోపరహిత ధ్రువపత్రం పెదమడుగులంకకు వచ్చింది.

పడిపోయిన తలుపును సాక్ష్యంగా లారీలో జిల్లా కేంద్రానికి తరలించారు. పదిరోజుల తర్వాత వీరవేణికి మెమో వచ్చింది. ఒకటి, ప్రభుత్వ సీళ్లను ధ్వంసం చేయించడం. రెండు, వృద్ధిలో ఉన్న ఆరు రంధ్రాల ఉనికిని శాశ్వతంగా రూపుమాపడం. మూడు, బయటి వ్యక్తిని గునపంతో ప్రోత్సహించడం. వివరణ ఇవ్వాలి.

ఆమె మెమో పట్టుకుని కామేశ్వరం గారి దగ్గరకు వెళ్లింది. "పగలగొట్టమన్నది మీరే కదండీ. ఆ ముక్క ఒక్కటి రాసివ్వండి చాలు."

ఆయన బల్లమీది పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ తిప్పారు. గేటు దగ్గర శిలాఫలకం చెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. అందులో ఆయన పేరుంది.

"ఆ గొడవలో నేనేమన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు వీరవేణీ" అన్నారు. ఆమె ముఖం చూడలేకపోయారు. "నాకింకా రెండేళ్ల సర్వీసుంది."

వీరవేణి కిందికి దిగి, మందుల గదిలో స్టూలు మీద కూర్చుని, మందు చీటీ వెనక వివరణ రాసింది. అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది: 'సదరు తలుపులో ఎట్టి లోపమూ లేదని సంఘటన జరిగిన రోజునే తమరు ధ్రువీకరించి ఉన్నందున, నేను పగలగొట్టించినది ఏమిటో తెలియజేయవలసిందిగా కోరుచున్నాను.'

ఆ ఉత్తరం చక్రధరం గారి బల్ల మీద మూడు వారాలు ఉంది. జవాబు రాస్తే ధ్రువపత్రం పోతుంది. రాయకపోతే మెమో పోతుంది. నియమావళి మొత్తం తిరగేసి ఆయన మూడో దారి పట్టుకున్నారు. 'పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా' వీరవేణిని గెడ్డలంక ఆసుపత్రికి బదిలీ చేశారు. గోవిందును మాత్రం అక్కడే కొనసాగించారు. ఉద్యోగం మంజూరై ఉంది కాబట్టి అతను రోజూ ఖాళీ గుమ్మానికి ఆనుకుని నిలబడుతున్నాడు. నడుము నొప్పి తగ్గిందట.

గెడ్డలంకకు పంటు ఎక్కి ఏరు దాటి వెళ్లాలి. వీరవేణి చేరిన రోజున అక్కడి అటెండరు సూరమ్మ మందుల గది చూపించింది. గుమ్మం ఉంది. చౌకట్టు ఉంది. తలుపు లేదు. గదిలో ఒక మేక నిలబడి అట్టపెట్టె నములుతోంది.

"తలుపేదండీ?" అంది వీరవేణి మేకను తోలుతూ.

"తీయించేశారండి. కిందటి నెల కాగితం వచ్చింది. పెదమడుగులంక నమూనా అంట. తలుపు లేకపోతే లోపం ఉండదంట. జిల్లా అంతా తీసేత్తన్నారు. మనకి కూడా సర్టిఫికెట్టు వచ్చేసిందండి, ఆఫీసు రూములో పటం కట్టించారు చూడండి."

"తీసిన తలుపు ఎక్కడుంది?"

పెరట్లో నీళ్ల ట్యాంకు వెనక గోడకు ఆనించి ఉంది. గట్టి తలుపు, తుప్పు కూడా పట్టలేదు. బందులు బాగానే ఉన్నాయి. వీరవేణి మళ్లీ గుమ్మం దగ్గరకు వచ్చి చౌకట్టు తడిమి చూసింది. బెజ్జాలు నున్నగా ఉన్నాయి, గోరు పెడితే జారిపోతోంది.

ఆమె ఎవరికీ ఉత్తరం రాయలేదు. దావీదుకు ఫోన్ చేసింది.

దావీదు ఆ మధ్యాహ్నం పంటు మీద మోపెడ్ ఎక్కించుకుని వచ్చాడు. కాగితం ఉందా అని ఈసారి అడగలేదు. ముందు బెజ్జాల్ని ఒక నంబరు పెద్దవి చేశాడు. సన్నని ఇనప పొడి రాలి గచ్చు మీద పడింది. సూరమ్మ చీపురుతో దాన్ని ఊడ్చి బయట పారేసింది. మందమైన ఇనప పట్టీకి అవే దూరాల్లో బెజ్జాలు వేసి, మర కోసి, ఒక తీగె కట్టి గోడకూ చౌకట్టుకూ మధ్య సందులోంచి చౌకట్టు లోపలికి జార్చాడు. తీగెను బెజ్జంలోంచి బయటికి లాగితే పట్టీ రేకు వెనకాలకు వచ్చి టక్కున ఆనింది. సత్తిరాజు ఊరు దగ్గరే కావడంతో అతనూ వచ్చి తలుపు ఎత్తి పట్టుకున్నాడు. మందుల కోసం వచ్చినవాళ్లు చుట్టూ చేరి, ఇంకొంచెం పైకి, ఇంకొంచెం ఇటు అని సలహాలు ఇచ్చారు. కొత్త స్క్రూ ఒక్కోటీ కరకరమంటూ లోపలికి దిగి, చివర్లో చెయ్యి తిప్పినా తిరగకుండా బిగుసుకుంది.

"చూడండి మేడం గారూ" అన్నాడు దావీదు పక్కకు తప్పుకుని.

వీరవేణి ఒక్క వేలితో తలుపును నెట్టింది. అది చప్పుడు లేకుండా వెళ్లి చౌకట్టులో కూర్చుంది. ఆమె మళ్లీ తెరిచింది. మళ్లీ మూసింది. ఎందుకో ఆమె కళ్లు చెమర్చాయి. నవ్వు కూడా వచ్చింది.

సూరమ్మకు మాత్రం భయం పట్టుకుంది. "రికార్డులో తలుపు లేదు కదండి మేడం గారూ. రేప్పొద్దున పైనుంచి ఎవరైనా వచ్చి ఇదేంటంటే నన్నేం చెప్పమంటారు?"

వీరవేణి తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"గోడ అని చెప్పండి" అంది.